ఉపేంద్రుని సహాయ నిరాకరణ పర్వము

వికృతి నామ సంవత్సరమున, మాఘ బహుళ పక్షమున, సర్కారు కార్యాలయములన్నియు తెలంగాణ కొరకు సహాయ నిరాకరణము సాగించుచుండగా, ఎల్బీనగర్ చౌరస్తా మొదలు మలక్‌పేట వరకు రహదారి నినాదఘోషతో దద్దరిల్లుచుండగా, కోచింగ్ సెంటర్లకు కాణాచియైన దిల్‌సుఖ్‌నగర్‌లో, అండాలమ్మ గారి మేడమీది రేకుల గదిలో, ఒక ఆదివారపు సాయంసంధ్యవేళ మరొక మహోద్యమము పుట్టినది. పత్రికలవారు రాలేదు. వారికి తీరిక లేదు కాబోలు.

ఆ గదిలో గ్రూప్-2 కొరకు తపస్సు చేయు యువకులు మువ్వురుండిరి. వాదనాదురంధరుడు, నకిరేకల్ వాస్తవ్యుడు శ్రీనివాస్ ఒకడు. నిద్రాలోలుడు, తెనాలి పుత్రుడు పట్టాభి ఇంకొకడు. మూడవవాడు రేపల్లె నుండి వచ్చిన మన కథానాయకుడు, నిమ్మరసహస్తుడు, వమనభాండధారి, ద్వారపాలకశిరోమణి ఉపేంద్ర. ఈ బిరుదములు అతనికి ఊరకే రాలేదు.

తొల్లి ఆ గదిలోనికి బీరుసీసా ప్రవేశించిన నాడు, శ్రీనివాస్ దానిని ట్యూబులైటు కెదురుగా ఎత్తి, లేబులుపై చీమతలంత ఇంగ్లీషు అక్షరములలో నున్న "బాధ్యతతో సేవించండి" అను శాసనమును పఠించి, గంభీరముగా భాష్యము చెప్పెను.

"గిండ్ల రెండు పనులున్నయి. ఒకటి బాధ్యత, ఒకటి తాగుడు. రెండూ ఒక్కడే చేస్తే రెండూ చెడ్తయి. గందుకని ఒకడు బాధ్యత తీస్కోవాలె, మిగిలినోళ్లు తాగాలె. ఉపేంద్రా, నువ్వు మంచోనివి."

అంతే. ఆనాటి నుండి ఉపేంద్ర నిమ్మకాయలు పిండెను, బకెట్లు మోసెను, తలుపు తట్టిన అండాలమ్మ గారికి మిత్రుల జ్వరములను వర్ణించెను. చుక్క తాగినది లేదు, సుఖముగా కూర్చున్నది లేదు. అతని కోరిక మద్యము మీద కాదు. వారి మధ్య ఒక్క సాయంత్రము తానును కాళ్లు చాపుకొని కూర్చుండవలెనని. నీవును కూర్చుండుమని ఎవ్వరును అననందుకు అతనికి కడుపు మండినది.

ఆ సాయంత్రము ఎల్బీనగర్ వైన్స్ నుండి, వార్తాపత్రికా కంచుకములు ధరించి, సీసాలు వేంచేసినవి. పట్టాభి అలవాటుగా నిమ్మకాయ చేతికందించెను. ఉపేంద్ర దానిని నేలపై ఉంచి, చాపపై పద్మాసనస్థుడై, ఇట్లు పలికెను.

"వినండ్రా. ఇన్నాళ్లూ మీ వాంతులు ఎత్తాను. ఇవాళ్టి నుంచి సహాయ నిరాకరణ. నిమ్మకాయ కొయ్యను, తలుపు తియ్యను, మీ కోసం అబద్ధం ఆడను. నాకూ ఒక గ్లాసు పొయ్యండి. పోసినా పొయ్యకపోయినా ఈ చాప మీంచి మాత్రం లేవను."

"ఏందిరా గిది," అనెను శ్రీనివాస్. "మా ఉద్యమం తీస్కొని మా మీదనే చేస్తవా?"

"మంచిదనేగా తీసుకున్నాను."

ఉదయమే చౌరస్తాలో గొంతు చించుకొని వచ్చిన ఆ వీరుడు సీసా మూతను పండ్లతో పెరికెను.

"అందరం తాగితే బాధ్యత ఎవడు చూస్తాడ్రా?" అని పట్టాభి వాపోయెను.

"ఎవడిది వాడే. ఆ రాతకి అర్థం అదే."

"గట్లయితే మస్తుగ తాగనీకి రాదు గద," అనెను శ్రీనివాస్, ఓడిన భాష్యకారుని దుఃఖముతో.

ఐనను పోసెను. ఉపేంద్ర ఒక్క గుక్క మ్రింగెను. కాకరకాయ కషాయమువలె నుండెను. దీనికొరకా ఇన్ని బకెట్లు మోసితినని తలచి, గ్లాసును పక్కన పెట్టెను.

అంతలో మెట్లపై అడుగుల సవ్వడి. తలుపు టకటకలాడెను.

"ఉపేంద్రా, జర తలుపు తియ్యి బిడ్డా," అనెను అండాలమ్మ.

రెండు శిరస్సులు ఏకకాలమున ఉపేంద్ర వైపు తిరిగెను. అప్పుడు సంభవించిన సంగ్రామము వర్ణనాతీతము. సైన్యములు లేవు, శంఖములు లేవు. ఉపేంద్రుని మోకాళ్లు తమంతట తామే లేవబోవుచుండెను, ఉపేంద్రుడు వానిని రెండు చేతులతో అదిమి పట్టుచుండెను. చెమట పట్టినది. తలుపు మరల మ్రోగినది. మోకాళ్లు అతని చేతులకు లొంగినవి.

"నేను కూడా తాగానండీ అండాలమ్మ గారూ," అనెను, కూర్చున్నచోటి నుండియే.

గత్యంతరము లేక శ్రీనివాస్ లేచి తలుపు తీసెను. అండాలమ్మ సీసాలను చూచెను, నిమ్మకాయను చూచెను.

"నాకు తెల్వదనుకున్నరా? గీ పిలగాడు అబద్ధం చెప్పలేక చెమటలు పడ్తుంటే జాలైతుండె, గందుకే ఊకున్న. మెట్ల మీద మొన్నటి వాంతి ఇంక వాసనొస్తున్నది. ఎవరు కడుగుతరు?"

శ్రీనివాస్ వెనుదిరిగి చూచెను. ఉపేంద్ర గోడను పరిశీలించుచుండెను.

"నేనే కడుగుతనమ్మా," అనెను శ్రీనివాస్ మెల్లగా. పట్టాభి చీపురు వెదకెను. అది ఎక్కడ ఉండునో అతనికి తెలియదు.

లోకులారా, తెలిసికొనుడు. దిల్‌సుఖ్‌నగర్ మేడమీద, మెట్లపై బకెట్టు మ్రోగుచుండగా, రేపల్లె ఉపేంద్రుడు గోడకు చేరగిలబడి, రెండు కాళ్లును చాపెను.