తిప్పాయపల్లెకు రెండు బస్సులు

ఆ ఆదివారం పొద్దున కమాల్ బాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. తన రెండు బస్సులనూ సభలకు పంపించాలి. ఇంటికి పోయి భార్య జైబున్నీసా చేసిన ఖీమా తినాలి. ఆ తర్వాత కాసేపు నడుం వాల్చాలి. ఎలక్షన్ల కాలంలో ప్రొద్దుటూరులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే మనిషి అంతకంటే పెద్ద కోరికలు పెట్టుకోకూడదని ఆయన అనుభవం మీద తెలుసుకున్నాడు.

ఆ రోజు రెండు పార్టీలకూ సభలున్నాయి. చలమారెడ్డిది జమ్మలమడుగులో, తిరుపాలరెడ్డిది దువ్వూరులో. ఆ ఇద్దరి మనుషులు ఒకే హోటల్లో టీ తాగరు, ఒకే డాక్టరుకు చెయ్యి చూపించరు. బాషా మాత్రం ఇద్దరికీ బస్సులిచ్చేవాడు. "టైరుకు పార్టీ ఉండదప్పా" అనేవాడు ఎవరైనా అడిగితే.

ఆనాటి బస్సులు రెండూ తిప్పాయపల్లెకే పోవాలి. తిప్పాయపల్లె అంటే ఒకటి కాదు. వంకకు ఆ పక్కన ఎగువ తిప్పాయపల్లె, ఈ పక్కన దిగువ తిప్పాయపల్లె. గొర్లు మేపుకునే కుటుంబాలు, అందరూ ఒకరికొకరు చుట్టాలే. పదేళ్ళ కిందట పంచాయతీ ఎలక్షన్లలో విడిపోయి, ఎగువ వాళ్ళు చలమారెడ్డి వైపు, దిగువ వాళ్ళు తిరుపాలరెడ్డి వైపు నిలబడ్డారు. ఆ ఏడు ఎవరో విసిరిన నాటుబాంబు వంకలో పడి నాలుగు గొర్రెలు చచ్చాయి. అప్పటినుంచి ఆ వంకను దాటడానికి కుక్కలు తప్ప ఎవరూ సాహసించలేదు.

బాషా ఆఫీసులో ఒక కంప్యూటరుంది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దాన్ని నడిపేది ఆయన చెల్లెలి కూతురు సాజిదా. ఏ బస్సు ఏ ఊరినుంచి ఏ ఊరికి పోవాలో ఆ పిల్ల కొడితే, పక్కనున్న ప్రింటరు తుప్పుపట్టిన తలుపులా కీచుమంటూ ట్రిప్పు షీటు అచ్చు వేసేది. చిక్కల్లా ఒకటే. అందులో ఊరి పేరుకు పన్నెండు ఇంగ్లీషు అక్షరాలకే చోటుంది. 'తిప్పాయపల్లె' అనడంతోనే ఆ పన్నెండూ అయిపోతాయి. ఎగువో దిగువో చెప్పడానికి ఇంక జాగా మిగలదు. అందుకని సాజిదా కాగితం బయటికి రాగానే పెన్నుతో 'ఎ' అనో 'ది' అనో పెద్దగా రాసి డ్రైవరుకిచ్చేది.

కొత్త సాఫ్ట్‌వేరు పెట్టుకోమని పులివెందుల బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే ఆదినారాయణ మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. కొత్తదాంట్లో ఊరి పేరు చేంతాడంత ఉన్నా పడుతుందట.

"అయితే దానికి కొత్త కంప్యూటరు కావాలన్నా" అన్నాడు ఆదినారాయణ మొదటిసారి వచ్చినప్పుడు.

"మరి మా ప్రింటరు?"

"ఆ ప్రింటరుకూ ఈ సాఫ్ట్‌వేరుకూ పడదన్నా."

"కంప్యూటర్లలో గూడా పార్టీలుండాయా?" అని బాషా నోరు తెరిచాడు. "ఒక కొత్తదాని కోసం రెండు పాతవి పారేయాల్నా? సూద్దాంలేప్పా. ఎలక్షన్లు అయిపోనీ."

మొన్న వచ్చినప్పుడు ఆదినారాయణ భయపెట్టి కూడా చూశాడు. "అన్నా, ఇంగ నాలుగు నెల్లకు రెండువేల సంవత్సరం వస్తాది. ఆ రోజు నీ కంప్యూటరు పందొమ్మిది వందల సంవత్సరానికి ఎనక్కిపోతాది. రాసిపెట్టుకో."

"పోనీలేప్పా. అప్పుడు అన్నీ చౌక" అన్నాడు బాషా, అతనికి టీ తెప్పిస్తూ.

ఆ ఆదివారం ప్రింటరులోంచి రెండు ట్రిప్పు షీట్లు వచ్చేసరికి సాజిదా లోపల ఫోను మాట్లాడుతోంది. ఖీమా చల్లారిపోతుందన్న తొందరలో బాషా ఆ కాగితాలను తానే చింపి, ఒకటి డ్రైవరు నూరుల్లా చేతిలో, ఇంకొకటి రెండో డ్రైవరు యల్లయ్య చేతిలో పెట్టి, "పోండప్పా, జాగ్రత్త" అని బిస్మిల్లా చెప్పి పంపేశాడు.

జమ్మలమడుగు షీటు నూరుల్లాది. అంటే పోవాల్సింది ఎగువకు. అతను ఎప్పుడు పోయినా దిగువకే పెళ్ళిళ్ళకు పోయినవాడు. కాగితం మీద తిప్పాయపల్లె అని చూసి, అలవాటు కొద్దీ దిగువకే పోయాడు. వెనకాల వచ్చిన యల్లయ్య, రెండు దారులు చీలే చోట బండి ఆపి చూశాడు. నూరుల్లా బస్సు రేపిన దుమ్ము దిగువ వైపు కనబడింది. అయితే నాది ఎగువ అనుకుని స్టీరింగు అటు తిప్పాడు.

ఫోను పెట్టేసి పెన్నుతో బయటికి వచ్చిన సాజిదా, "మామూ, షీట్లేవి?" అంది.

"ఇచ్చి పంపిస్తి గదా."

"ఎగువ, దిగువ రాసినావా?"

బాషా లేవబోయినవాడు లేచినట్టే కూర్చున్నాడు. "వాళ్ళకు తెలీదా ఏంది?" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు. ఆ కాలంలో సెల్‌ఫోన్లు పెద్ద పెద్ద వాళ్ళ జేబుల్లోనే ఉండేవి. బాషా చేయగలిగిందల్లా టెలిఫోనును చూస్తూ కూర్చోవడమే. ఆ బస్సుల్లో ఆడవాళ్ళున్నారు, చంకన బిడ్డలున్నారు. శత్రువుల నడుమ వాళ్ళను తన చేతులతో తానే దించినట్టు అనిపించింది.

పన్నెండు కొట్టకముందే ఫోను మోగింది.

"సేఠ్, నూరుల్లాను. జమ్మలమడుగు నుంచి."

"చెప్పప్పా, ఎవుర్ని తీసకపోయినావు?"

"దిగువోళ్ళను సేఠ్. ఎగువోళ్ళు రావాల్సిందంట. ఈడికి వచ్చినాక తెల్సింది."

"యా అల్లా! వాళ్ళు దారిలో అడగల్యా?"

"అడిగినారు. సభ జమ్మలమడుగులో అంటి. దువ్వూర్లో పోలీసోళ్ళు పర్మిషన్ ఇచ్చుండర్లే అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్యారు."

"బండి ఎనక్కి తిప్పు!"

"యాడ తిప్పేది సేఠ్? అందరూ దిగిపాయ. ఇప్పుడు ఒక్కొక్కరికీ దండలేస్తాండారు."

ఆ రోజుల్లో అవతలి పార్టీ సభకు పోయినవాడికి దండ పడిందంటే, వాడు పడుకుని ఉండగానే పడాలి.

"ఎంతమందికప్పా?"

"అందరికీ. ఆడోళ్ళకు గూడా."

బాషా చేతిలోంచి రిసీవరు జారిపోయింది. సాజిదా దాన్ని గాలిలోనే పట్టుకుంది.

"అన్నా, దండలేయించుకున్నోళ్ళు ఇప్పుడు ఏం చేస్తాండారు?"

"బిర్యానీ తింటాండారమ్మా."

సాజిదా కుర్చీలో వాలిపోయిన మేనమామ వైపు తిరిగింది. "మామూ, చచ్చినోళ్ళు బిర్యానీ తినరు. లేచి కూచో."

అక్కడ జరిగిందేమిటో నూరుల్లా ఆ తర్వాత నిదానంగా చెప్పాడు. దిగువ పల్లెకు పెద్దదిక్కు బాలనాగమ్మ. ఆమె బస్సు దిగి, ఎదురుగా నిలువెత్తు చలమారెడ్డి బొమ్మను చూసి గుండెలు బాదుకుందట. పరిగెత్తితే దాడికి వచ్చారనుకుంటారు, నిలబడితే గూఢచారులనుకుంటారు. ఏం చేయాలో తోచక అందర్నీ నేల మీద కూర్చోమంది. వేదిక మీదినుంచి చలమారెడ్డి, "యా ఊరమ్మా మీది?" అని మైకులో అడిగాడు. ఆమెకు అబద్ధానికి నోరు తిరగదు. "దిగువ తిప్పాయపల్లె" అంది. ముందు వరుసలో పేపర్ల వాళ్ళు కెమెరాలతో కూర్చుని ఉన్నారు. చలమారెడ్డి ఊరికే లీడరు కాలేదు. మరుక్షణంలో, "సూసినారా! దిగువ తిప్పాయపల్లె ఊరు ఊరంతా మన పార్టీలోకి వచ్చింది! దండలెయ్యండి, కండువాలు కప్పండి!" అని కేక పెట్టాడు.

ఆ ఫోను పెట్టేసిన కాసేపటికి దువ్వూరినుంచి యల్లయ్య ఫోను వచ్చింది. ఎగువ వాళ్ళు కూడా సభ చోటు మారిందనుకునే బస్సెక్కారట. అక్కడ ఎగువ పెద్దమనిషి చిన్నసుబ్బయ్య చేసిన ఘనకార్యం ఇంకా గొప్పది. ఆయనకు చూపు ఆనదు. ఎవరి సభకు వచ్చాడో తెలియక, తిరుపాలరెడ్డి మైకు పట్టుకోగానే లేచి నిలబడి, "చలమారెడ్డికీ... జై!" అని అరిచాడు. నలుగురు కుర్రవాళ్ళు ఆయన మీదికి రాబోయారు.

"మరి కొట్టినారా?" అన్నాడు బాషా కళ్ళు మూసుకుని.

"యాడ కొట్టినారు సావుకారూ! 'ఇన్నేండ్లు ఆడ ఉండి మన కాడికి వచ్చినోడు, నాలిక ఇంగా తిరగల్యా, కండువా కప్పండి' అనె తిరుపాలరెడ్డి. అందరికీ కప్పినారు. ఈడ గూడా బిర్యానీనే."

బాషా ఆ ఫోను పెడుతూనే సాజిదాను పులివెందులకు నంబరు కలపమన్నాడు.

"ఆదినారాయణా, కొత్తది తీసకరా. రేపే."

"అన్నా, మాట్లాడేది నువ్వేనా? ప్రింటరుకు పడదన్నా ఆ..."

"పడనిదాన్ని పారెయ్. కంప్యూటరు తే, ప్రింటరు తే, ఏం కావాల్నంటే అది తే. ఊరి పేరు మాత్రం మొత్తం పడాల!"

ఇంక మిగిలింది బస్సులు తిరిగి రావడం. రెండూ డీజిలు కోసం బాషా షెడ్డులోనే ఆగుతాయి. ఒకదాని వెంట ఒకటి రాకూడదని ఆయన తెలిసిన దువాలన్నీ చదివాడు. పొద్దు వాలుతుండగా అవి ఒకటి పడమటి గేటునుంచి, ఇంకొకటి ఉత్తరం గేటునుంచి, మాట్లాడుకున్నట్టు ఒకేసారి లోపలికి వచ్చాయి.

జనం కాళ్ళు సాచుకుందామని దిగారు. దిగి చూస్తే ఎదురుగా వంక అవతలి వాళ్ళు. ఎగువ కుర్రవాడొకడు వంగి రాయి తీసుకున్నాడు. చెయ్యెత్తాడు. ఎదుటివాడి మెడలో ఉన్నది తన పార్టీ కండువా. చెయ్యి దించి, తన మెడలోది చూసుకున్నాడు. అది ఎదుటివాడిది. ఆ పక్కన దిగువ కుర్రవాడు కూడా చేతిలో రాయితో ఇదే లెక్క చూసుకుంటున్నాడు. ఎవరిని కొట్టినా తమ పార్టీనే కొట్టినట్టవుతోంది.

"ఏమే బాలనాగీ, మా కండువా నీ మెడలో ఏంది?" అన్నాడు చిన్నసుబ్బయ్య, దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి చూస్తూ.

"నీ మెడలో ఉండేది ఎవురిదో ముందు సూసుకో."

వాళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డలు. పదేళ్ళుగా మాటల్లేవు. తల్లి పోయినప్పుడు కూడా ఆయన వంక అవతల నిలబడే ఏడ్చాడు. బాషా ఆఫీసు తలుపు సందులోంచి చూస్తున్నాడు. బాలనాగమ్మ అన్నను ఎగాదిగా చూసింది. మనిషి బాగా చిక్కిపోయాడు.

"తిన్న్యావాన్నా?" అంది.

"తిన్న్యా. ఉప్పు శానా ఏసినారు."

"నయంలే. మాకు ముక్కలే పడలా."

ముందు నవ్విందెవరో తెలియదు. ఆ తర్వాత నవ్వనివాళ్ళెవరో కూడా తెలియదు. రాళ్ళు పట్టుకున్న కుర్రవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబుల్లో వేసుకున్నారు. చిన్నసుబ్బయ్య చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, తిరుపాలరెడ్డి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చలమారెడ్డి కండువాతో ముక్కు చీదుకుంది. ఆ కండువాలు అంతకంటే మంచి పనికి వచ్చింది ఆ ఎలక్షన్లలో లేదు.

మర్నాడు పేపర్లో రెండు ఫోటోలూ పక్కపక్కనే పడ్డాయి. బాషా షెడ్డు ముందు చలమారెడ్డి జీపు ఆగింది. బాషా డీజిలు పీపాల వెనక్కి పోయి కూర్చున్నాడు. జీపులోంచి దిగినవాళ్ళు గంపెడు చీనీకాయలు దించి, "దిగువోళ్ళను తెచ్చినందుకు అన్న ఇమ్మన్యాడు" అని సాజిదాకు చెప్పి వెళ్ళిపోయారు. సాయంత్రం తిరుపాలరెడ్డి జీపు ఇంకో గంప దించిపోయింది. పోయిన పల్లెను గురించి లీడర్లిద్దరూ మాట్లాడలేదు, వచ్చినదాన్నే చాటుకున్నారు. తిప్పాయపల్లె మీద బాంబు వేయాలంటే శత్రువు వంకకు ఏ పక్కన ఉన్నాడో తెలియాలి. అది తేలకముందే ఎలక్షన్లు అయిపోయాయి. ఆ ఏడు వంకలో ఒక్క గొర్రె కూడా చావలేదు.

కొత్త కంప్యూటరూ వచ్చింది, కొత్త ప్రింటరూ వచ్చింది. చప్పుడే లేకుండా అచ్చు వేస్తుంటే బాషాకు అది పని చేస్తున్నట్టే అనిపించేది కాదు.

మాఘంలో అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చారు. బాలనాగమ్మ కూతురి పెళ్ళి గండి గుడిలో. మేనమామగా చిన్నసుబ్బయ్యే పెళ్ళికూతుర్ని పీటల మీదికి తేవాలి. రెండు పల్లెలకూ కలిపి ఒకటే బస్సు కావాలి.

"సాయిబన్నా, నీ కడుపు సల్లగుండ. ఆ పొద్దు నువ్వు చేసిన తప్పు మా పెద్దోళ్ళు ఎవురూ చెయ్యలేకపాయ" అంది బాలనాగమ్మ చేతులు జోడించి.

బాషా మొహమాటపడి, సాజిదాను షీటు తీయమన్నాడు. సాజిదా ఊరి పేరు కొట్టింది. కొత్త తెర మీద రెండు గళ్ళు వచ్చాయి. ఎగువా, దిగువా? ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు పోదు.

"ఎగువ అని నొక్కమ్మా" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"పెండ్లి మాదా నీదా? దిగువ అని నొక్కు" అంది బాలనాగమ్మ.

"పెద్దోన్ని నేనుండంగా..."

గొంతులు పెరుగుతున్నాయి. బాషా ఒక్క ఉదుటున లేచి, మూల గోనెపట్ట కింద దాచిన పాత కంప్యూటరునూ ప్రింటరునూ బయటికి లాగి, ప్లగ్గు పెట్టాడు. ఆదినారాయణ చెప్పినట్టే అది పందొమ్మిది వందల సంవత్సరంలో మేల్కొంది. పచ్చటి అక్షరాల్లో తిప్పాయపల్లె అని పడింది, అంతకు మించి పట్టలేదు. ప్రింటరు కీచుమంది. అన్నాచెల్లెళ్ళు చదువురాకపోయినా ఆ కాగితాన్ని చెరో అంచూ పట్టుకుని చూశారు.

పెళ్ళి బాగా జరిగింది. రాత్రికి తిరిగొచ్చేటప్పుడు నూరుల్లా మాత్రం ఆ షీటు చూసి ఎటు పోవాలో తేల్చుకోలేక, పెళ్ళివాళ్ళందర్నీ నడి వంకలో దించేసి వెళ్ళిపోయాడు. పదేళ్ళ తర్వాత మొదటిసారిగా రెండు పల్లెలూ ఒక్క గొంతుతో ఒకే మనిషిని తిట్టాయి. తెల్లవారి ఆ సంగతి తెలిసి కమాల్ బాషా రెండు చేతులూ పైకెత్తి అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు.