అనాబీబీ పొలంలో ఊరంతా దొంగలే

ఆ పొద్దున అనాబీబీ అనుకున్న పని ఒక్కటే. ఎండెక్కకముందే తన పెద్ద ఖర్బూజాను కోసి, గడ్డిలో చుట్టి, ఖీవా పట్నంలో జరిగే ఖర్బూజా పండగకు బండెక్కించాలి. నిరుడు అక్కడ మొదటి బహుమతి పక్క పొలం రోజ్‌మత్ ఎగరేసుకుపోయాడు. పైగా "నీ కాయ చూపుకే గానీ నోటికి కాదు వదినా" అని పదిమందిలో అన్నాడు. ఆ మాట ఏడాదిగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

అందుకే ఆ కాయను కంటికి రెప్పలా పెంచింది. కంటిరెప్ప చాలదని ఆమె మొగుడు మత్యాకూబ్ గట్టు మీద కృత్రిమ మేధ స్తంభం పాతించాడు. ఎవరైనా కాయ కోసి పొలంలోనే తింటే, అది దొంగ అని మైకులో అరిచి ఫోన్లు చేస్తుంది. ఎవరెవరికి చెయ్యాలని దాన్ని బిగించిన ఇంజనీరు దావ్లత్ అడిగాడు. ఒకరిని వదిలేస్తే రేపు వాళ్ళింటి పెళ్ళికి ఏ మొహంతో వెళ్ళాలని మత్యాకూబ్ పేటంతటి నంబర్లూ ఇచ్చాడు.

ముందుగా కాలువ నీళ్ళు వదిలే కురాన్‌బాయ్ వచ్చాడు. పొలంలో కాలుపెట్టిన మనిషిని ఉత్తి నోటితో ఎవరు పంపుతారు? అనాబీబీ ఒక కాయ కోసి, రొట్టె విరిచి పెట్టింది. అతను రెండో ముక్క కొరికాడో లేదో, స్తంభం "దొంగ! దొంగ!" అని గగ్గోలు పెట్టింది.

సగం పేట పారలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏడీ వాడు?"

"దొంగా లేడు, దొరా లేడు. కూర్చోండి," అంది అనాబీబీ.

కూర్చోబెట్టాక కోయక తప్పదు. కోసిన ప్రతి కాయకూ స్తంభం మళ్ళీ అరిచింది, మళ్ళీ ఫోన్లు చేసింది. మిగతా సగం పేటా దిగింది. పోలీసాయన కూడా రొప్పుకుంటూ వచ్చాడు.

"దొంగల ముఠా అన్నారు?"

"ఇదే ముఠా. ఇదిగో నీ ముక్క."

అంతలో ఇంజనీరు ఫోను. "అక్కా, కోయడం ఆపు! అన్నీ దొంగతనాల కింద లెక్కపడుతున్నాయి. వాళ్ళను పంపించెయ్!"

"నోరెండబెట్టి పంపమంటావా? మా అత్త పంపలేదు, వాళ్ళత్త పంపలేదు. నీ గుంజ చెబితే నేను పంపాలా?"

"గుంజ కాదక్కా, అది నేర్చుకునే యంత్రం!"

"అయితే నేర్చుకోమను!"

ఇంజనీరు కారేసుకుని వచ్చేసరికి పండిన కాయలన్నీ అయిపోయాయి. పెద్దది ఒక్కటే మిగిలింది. దాని పక్కనే పార పట్టుకుని రోజ్‌మత్ కాపలా నిలబడి ఉన్నాడు.

"నీ కాయ మీద ఈగ వాలనివ్వలేదు వదినా," అన్నాడు.

అనాబీబీ ఇంజనీరు వైపు చూసింది. చెమటలు కక్కుతున్నాడు, పెదాలు ఎండిపోయాయి.

"నాకేం వద్దక్కా, ఒట్టు!"

"అది మాత్రం కోయకే," అని మత్యాకూబ్ గొణిగాడు. "పండగ..."

అనాబీబీ కాయ మీద చెయ్యి వేసింది. ఏడాది కష్టం, ఏడాది పంతం. "పండగ నా గుమ్మంలోకే వచ్చింది," అని కత్తి దింపేసింది.

మొదటి ముక్క ఇంజనీరుకు, రెండోది రోజ్‌మత్‌కు ఇచ్చింది. రోజ్‌మత్ నమిలాడు. తొక్కదాకా గీకి తిన్నాడు.

"నిరుడన్న మాట వెనక్కి తీసుకుంటున్నా వదినా," అన్నాడు చివరికి, అందరూ వినేలా. "ఈ ఏడు నా కాయ పండగకు పోదు. ఇది తిన్నాక దాన్ని ముందుపెట్టుకుని కూర్చోవాలంటే సిగ్గేస్తుంది."

అనాబీబీకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. గొంతులో ముల్లు దిగిపోయింది.

ఇంజనీరు రెండో ముక్క అందుకున్నాడు. "దొంగ! దొంగ!" అంది స్తంభం.

పోలీసాయన మీసం తుడుచుకుని లేచాడు. "ఇంతకీ నువ్వు దొంగవా?"

"అతిథినయ్యా బాబూ!"

"ఆ మాట దానికి చెప్పు."

ఇంజనీరు గట్టు మీద చతికిలబడి సాయంత్రందాకా యంత్రానికి మర్యాద నేర్పాడు. మర్నాటి నుంచి అది ఎవరినీ దొంగ అనలేదు. దారిన పోయేవాళ్ళను చూసినా "అతిథి వచ్చారు, రండి!" అంటోంది.

దాన్లోంచి పేట నంబర్లు తీసెయ్యడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.