శ్రుతి తప్పినదే శ్రేష్ఠము

మొదట్లో నా చేతిలో ఉన్నవి రెండు పాత సింథసైజర్లు, ఒక అద్దె దుకాణం, అవసరమైనప్పుడు మూసుకునే నోరు. వీటిలో ఎక్కువ గిట్టుబాటైనది ఏదో చివర్లో చెబుతాను.

సింథసైజరు తెలియనివారికి ఒక ముక్క. హార్మోనియానికి ఉన్నట్టే మెట్లు, పైన ముప్పై నలభై నాబ్‌లు, లోపల కరెంటుతో స్వరం పుట్టించే యంత్రం. నా దగ్గరున్నవి నలభై ఏళ్ల కిందటి అనలాగ్ రకం. స్విచ్ వేశాక వాటిని అరగంట వేడెక్కనివ్వాలి. అంతవరకు స్వరం ఒకచోట నిలవదు, ఎన్నికల ముందు పెద్దమనిషి మాటలా అటూ ఇటూ జారుతుంది. నల్లది అరగంటకు కుదుటపడేది. చెక్క అంచులున్నది గంటకైనా కుదుటపడదు, లోపల అంతా అరిగిపోయింది. చూపుకు మాత్రం రాజుగారి భోషాణం.

మా వీధి చివరి సంగీత పాఠశాలకు ఒక పాత అనలాగ్ సింథసైజరు కొనిపెట్టమని ఎవరో పుణ్యాత్ముడు వీలునామా రాసి పోయాడు. అక్కడ ఒక టీచరమ్మ, పదకొండుమంది పిల్లలు. ఉన్న కీబోర్డు చచ్చి మూడు నెలలు. పిల్లలు అట్టముక్కల మీద మెట్లు గీసుకుని, వేళ్లు వాటి మీద ఆడిస్తూ, స్వరాలు నోటితో పలుకుతున్నారు. నెలాఖరులోగా వాయిద్యం రాకపోతే తరగతి ఎత్తివేయాలని పాలకమండలి ముందే తీర్మానించింది. ముందుచూపంటే అదీ.

ఎంపికలో టీచరమ్మ మాట తీసుకోవాలన్న ప్రతిపాదన ఒకటి వచ్చింది గానీ, వాయించేవారికి పక్షపాతం ఉంటుందన్న న్యాయమైన కారణంతో వీగిపోయింది. ముగ్గురితో సంఘం వేశారు. అధ్యక్షుడు మురుగునీటి శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు, ప్రవాహాల సంగతి తెలిసినవాడు. రెండో సభ్యుడు ఆయన తోడల్లుడు, పళ్ల డాక్టరు. తెల్లవీ నల్లవీ వరసగా చూడడంలో పాతికేళ్ల అనుభవం. మూడో ఆయన్ని అందరూ బంగారు చెవి అంటారు. ఎంత మంచి పాటకైనా సగంలో పెదవి విరవగలడు. ఏనాడూ ఏదీ వాయించలేదు కనుక ఆయన ప్రతిభ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు.

సంఘం నా దుకాణంలోనే కూర్చుంది. విద్యుత్ పొదుపు దృష్ట్యా, వాయిద్యాన్ని వినే క్షణంలోనే వేయాలని, విన్న వెంటనే ఆపాలని మొదటి సమావేశంలోనే నిశ్చయించారు. చల్లటి చెక్కది స్వరం మీద నిలవలేక జారుతుంటే బంగారు చెవి కళ్లు మూసుకుని, ఇది యంత్రం కాదు, ఊపిరి అన్నాడు. అధ్యక్షుడు ఆ మాట మినిట్స్‌లో రాయించాడు. నొప్పి ఉన్నచోటే ప్రాణం ఉంటుందని పళ్ల డాక్టరు వృత్తిరీత్యా బలపరిచాడు. చల్లటి నల్లదీ అలాగే జారింది. రెండూ సరిసమానంగా ఊపిరి పీలుస్తున్నాయని తేలడంతో నిర్ణయం మూడుసార్లు వాయిదా పడింది. ఈలోగా బరువు తూచారు, నాబ్‌లు లెక్కపెట్టారు, చెక్క వాసన చూశారు.

నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చింది. నాలుగో సమావేశం నాడు టీచరమ్మ అరగంట ముందే వచ్చి, "అన్నయ్యగారూ, నల్లది వేసి ఉంచుతాను, కాదనకండి" అంది. ఎందుకని నేను అడగలేదు. తెలుసు కనుక.

సంఘం వచ్చేసరికి నల్లది వెచ్చగా, సాధువుగా ఉంది. ఆమె పిల్లల పాఠం ఒకటి వాయించింది. ప్రతి స్వరం చెప్పినచోట కూర్చుంది. వీధిలో పోతున్న కూరగాయల బండి ఆగింది. అది అమ్మకపు సరుకన్న సంగతి కాసేపు నేనూ మరిచిపోయాను.

బంగారు చెవి కళ్లు తెరిచాడు. "ఏమయ్యా షావుకారూ, ఇందులో కొత్త సామాను పెట్టావా?"

"లేదండీ."

"మరి తప్పడం లేదేం?"

"వేడెక్కిందండీ. వేడెక్కితే శ్రుతిలో నిలుస్తుంది" అంది టీచరమ్మ.

"నిలబడడానికి ఇదేమైనా కరెంటు స్తంభమా అమ్మాయ్? మొన్నటి ప్రాణం ఏదీ?"

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. రెండింటిలో ఏది పాతది?"

ఏది పలుకుతుందని అడిగి ఉంటే నల్లదనేవాణ్ణి. ఆయన పాతది అడిగాడు. చెక్కది రెండేళ్లు పెద్దది, ఖరీదు రెండింతలు. "చెక్కదేనండీ" అన్నాను. అబద్ధం కాదు. టీచరమ్మ నా ముఖం వంక చూసి, నల్లదాని స్విచ్ ఆపేసింది.

"శ్రుతి తప్పుట ప్రాచీనతకు నిదర్శనమైనందున" చెక్కదాన్ని ఏకగ్రీవంగా ఎంపిక చేశారు. అంత అమూల్యమైన వస్తువును పిల్లల చేతికి ఇవ్వలేరు గదా. ఎండ తగలని గది కావాలి. పాఠశాలలో ఎండ తగలని గది తరగతి గది ఒక్కటే. అందులో అద్దాల పెట్టె కట్టించి, తాకరాదని బోర్డు పెట్టి, తరగతిని తాత్కాలికంగా ఎత్తేశారు. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు జనం వరస కడుతున్నారు. అద్దానికి చెవి ఆనించి ఆహా అనేవారున్నారు. అది పలికి ఎన్నాళ్లయిందని అడిగినవారు లేరు.

టీచరమ్మ పదకొండు అట్టముక్కలు చంకన పెట్టుకుని నా దుకాణానికి వచ్చింది.

"ఆ రోజు ఇంకొక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది అన్నయ్యగారూ?"

"వాళ్లు అడగలేదమ్మా."

"నేనూ అడగడం లేదు" అని నల్లదాని ముందు కూర్చుని స్విచ్ వేసింది. అది వేడెక్కేలోగా అట్టముక్కలు నా బల్ల మీద పేర్చింది. అప్పటినుంచి సాయంత్రాలు తరగతి అక్కడే. నల్లది అమ్మకానికి లేదని నా చేత్తోనే కాగితం రాసి అంటించాను.

ఇక చివరి లెక్క. పాఠశాలకు ఒక పెట్టె, సంఘానికి మూడు శాలువాలు, పిల్లలకు నా దుకాణంలో ఒక మూల. నాకు గిట్టుబాటైంది నోరే. అద్దాల పెట్టె చూసినవారు నేరుగా నా దగ్గరికి వచ్చి, అలా ఊపిరి పీల్చేది ఇంకోటి ఉందా అని అడుగుతున్నారు. లేదనడం వ్యాపార ధర్మం కాదు. అందుకని బాగా పలికేవాటిని కొనుక్కొచ్చి విప్పి, లోపల ఒక మర వదులు చేసి, చెక్క అంచులు బిగించి ముందు వరసలో పెడుతున్నాను.

మొన్న ఒకటి మీరే పట్టుకెళ్లారు. ఊపిరి బాగానే పీలుస్తోంది కదా?