పళ్ళ డాక్టరుగారి నీలం నవ్వు

“నేరం ఎక్కడుంటే అక్కడ నేనుంటాను. నేను ఎక్కడుంటే అక్కడ నేరం గజగజ వణుకుతుంది. ఈ రెండు కళ్ళకీ కనిపించని రహస్యం ఇంకా పుట్టలేదురా! పుట్టినా పురిట్లోనే పట్టేస్తాను!”

ఇంత మాటన్నవాడు మా ద్వారబంధానికి తల కొట్టుకుని, నుదురు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. చిన్నప్పటి నుంచీ మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఆ ద్వారబంధం మాత్రం ఆ రెండు కళ్ళకీ ఒక్కసారి కూడా కనిపించలేదు.

వీడి బిరుదు డేగకన్ను. ఇచ్చింది ఎవరో కాదు, వాడే. వృత్తి కుట్టుమిషన్లు బాగుచెయ్యడం. నిజం చెప్పొద్దూ, ఆ పనిలో వాడిది మంచి చెయ్యి. అక్కడితో ఆగితే నాకీ కథ చెప్పే ఖర్మ పట్టేది కాదు. మొన్నటికి మొన్న వీధి చివరి దర్జీ కత్తెర పోతే, నేనున్నానంటూ దూకాడు. దర్జీ బావమరిదిని అనుమానించి, అడ్డమైన ప్రశ్నలూ వేసి, బావాబావమరుదులకు మాటల్లేకుండా చేశాడు. కత్తెర చివరికి వీడి పనిముట్ల సంచిలోనే దొరికింది. దాన్ని వాడు ‘కత్తెర కేసు ఛేదించాను’ అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

“ఎవరు పిలిచార్రా నిన్ను?” అన్నాను.

“నేరం పిలిచింది.”

“నేనే పిలిచానన్నయ్యా,” అంది మా ఆవిడ లోపల్నుంచి. “ఈయన పొద్దుట్నుంచీ ఆ కంప్యూటర్ ముందు తల పట్టుకు కూర్చున్నారు. నా వల్ల కాక చెప్పాను. ఎలాగూ వచ్చావు కదా, నా గోళ్ళరంగు సీసా ఒకటి ఖాళీ అయిపోయింది. నిండుగా పెట్టిన సీసా. అదేమైందో కూడా కాస్త చూడు.”

“చెల్లెమ్మా, పులి వేటకు వచ్చినవాణ్ణి బల్లిని పట్టమనకు,” అని డేగకన్ను చేత్తో ఆ కేసు కొట్టిపారేశాడు.

ఇక నా కష్టం చెప్పుకోవాలి. నాది ఫోటో స్టూడియో. ముందు గది స్టూడియో, వెనక గదులు ఇల్లు. పాత కంప్యూటర్ కన్ను మూస్తే పోయిన వారం కొత్తది కొన్నాను. షాపతను వచ్చి పెట్టి, స్క్రీన్ మీద వేళ్ళు పెట్టొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. రెండు రోజులు అద్దంలా ఉంది. మూడో రోజు కూర్చుని చూస్తే ఎడమ పక్కంతా పసుపు జీర. నడుమ బాగానే ఉంది. కుడి చివర గులాబి మచ్చలు. రంగుల సెట్టింగులు మార్చాను, వైర్లు పీకి మళ్ళీ పెట్టాను, ఆపి వేశాను, వేసి ఆపాను. షాపతనికి ఫోన్ చేస్తే, “ఒక్కోసారి అలాగే ఉంటుంది సార్, కళ్ళు అలవాటు పడతాయి,” అన్నాడు.

నా కళ్ళు అలవాటు పడ్డాయి. అదే కొంప ముంచింది.

మా వీధిలోని పళ్ళ డాక్టరుగారు కొత్త ఆసుపత్రి తెరుస్తున్నారు. ముందు హాల్లో గోడంత ఫోటో పెట్టాలని కుటుంబాన్నంతా తీసుకొచ్చి నా దగ్గర దిగారు. ఎడమ పక్క ఆయన, నడుమ భార్యా కూతురూ, కుడి చివర అల్లుడు. అందరూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. స్క్రీన్ మీద చూస్తే డాక్టరుగారి పళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. పాపం పెద్దాయన, పరువు పోతుందని పసుపు పోయేదాకా నీలం కలిపాను. అల్లుడుగారు సిగ్గుపడ్డట్టు గులాబిరంగులో ఉన్నారని ఆయనకు కాస్త ఆకుపచ్చ కలిపాను. నమూనా కాగితం మీద అచ్చువేసి, తిప్పి చూడకుండానే కవర్లో పెట్టి పంపించాను. నిన్న సాయంత్రం డాక్టరుగారు ఆ కాగితం పట్టుకుని వచ్చారు.

“ఏమయ్యా, నేను పళ్ళు బాగుచేసేవాణ్ణా, సిరా తాగేవాణ్ణా?”

చూద్దును కదా, నీలం పళ్ళ డాక్టరు, ఆకుపచ్చ అల్లుడు! నడుమ ఆడవాళ్ళిద్దరూ మాత్రం లక్షణంగా ఉన్నారు.

“రేపు సాయంత్రానికి మళ్ళీ వస్తాను. అప్పటికి నా పళ్ళు నాకు తెల్లగా కనపడాలి. లేదంటే ఎదురు స్టూడియోకి పోతాను,” అని వెళ్ళిపోయారు. ఆసుపత్రి తెరిచేది ఎల్లుండి. పంటినొప్పితో వచ్చే ప్రతివాడూ ఆ హాల్లో కూర్చుని గోడకేసి చూస్తాడు. ఫోటో కింద మూల నా స్టూడియో పేరుంటుంది. ఊరంతా దవడ పట్టుకుని నా చేతకానితనాన్ని తీరిగ్గా చూస్తుందన్నమాట.

డేగకన్ను అంతా విని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని గిల్లాను.

“ఇది జబ్బు కాదు, కుట్ర,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “రంగు ముఠా పని.”

“రంగు ముఠా ఏంట్రా?”

“పేరు ఇప్పుడే పెట్టాను. ముఠా ఎప్పట్నుంచో ఉండుంటుంది.”

జేబులోంచి భూతద్దం తీశాడు. అదంటే వాడికి ప్రాణం. కొన్న రోజు నుంచీ గుడ్డలో చుట్టి దాచుకుంటాడు, ఇంకొకరి చేతికి ఇవ్వడు. దాన్ని స్క్రీన్‌కు ఆనించి, ముక్కు దానికి ఆనించి, చాలాసేపు చూశాడు.

“పొగమంచు!” అన్నాడు. “లోపలంతా దట్టమైన పొగమంచు! నేను చూసిన ప్రతి నేరస్థలంలోనూ ఇదే పొగమంచురా. నేరానికీ మంచుకీ ఏదో సంబంధం ఉంది.”

“నాకు మంచేం కనపడటం లేదే?”

“నీకు కనపడితే నువ్వే డేగకన్నువయ్యేవాడివి,” అని వెనక్కి అడుగేసి సోఫాలో కూలబడ్డాడు. కూలబడ్డవాడు కూలబడ్డట్టే జారి నేలమీదికి వచ్చాడు.

వాడి తప్పు లేదు. మా సోఫాకు ప్లాస్టిక్ కవరు ఉంది. కొన్నప్పుడు వచ్చిన కవరే. మా ఇంట్లో కొత్తగా వచ్చిన ఏ వస్తువూ బట్టల్లేకుండా ఉండదు. ఫ్రిజ్‌కు కవరు, టీవీ రిమోట్‌కు కవరు, ఆ కవరు పాడవకుండా దానిమీద ఇంకో కవరు. ఇదంతా మా అత్తగారి పాలన. ఆవిడ మా దగ్గరే ఉంటారు. వస్తువుల మీద ఆవిడకున్న ప్రేమలో పదో వంతు అల్లుడి మీద ఉంటే నేనూ ఈపాటికి కవర్లోనే ఉండేవాణ్ణి.

ఆవిడే అప్పుడు టీ గ్లాసులతో వచ్చారు. డేగకన్ను నేలమీదే కూర్చుని విచారణ మొదలెట్టాడు.

“పెద్దమ్మగారూ, ఈ కంప్యూటర్ దగ్గరికి ఎవరైనా రావడం చూశారా?”

“ఎవరొస్తారు బాబూ? కొత్త వస్తువని కంటికి రెప్పలా నేనే కనిపెట్టుకుని ఉంటున్నాను. ఈ కాలం వాళ్ళకి జాగ్రత్త ఎక్కడుంది?”

“చూశావా?” అన్నాడు వాడు నాతో, ఆవిడ లోపలికి వెళ్ళాక. “ఆవిడ్ని అనుమానితుల్లోంచి తీసేశాను. కాపలా కాసేవాళ్ళు నేరం చెయ్యరు. పైగా టీ బాగుంది.”

“అయితే ఎవర్రా?”

“ఆలోచించు. పళ్ళు పసుపుపచ్చగా కనపడితే ఎవరికి లాభం?”

“ఎవరికి?”

“పళ్ళ డాక్టరుకి!” అన్నాడు, నేలమీద అరచేత్తో కొట్టి. “జనమంతా నీ ఫోటోల్లో తమ పళ్ళు చూసుకుని, బాబోయ్ పచ్చబడ్డాయని ఆయన దగ్గరికి పరిగెత్తుతారు. ఎత్తు అదిరింది కదూ?”

“ఆయన ఫోటో కూడా పాడయింది కదరా!”

“అదే నేరస్థుడి తెలివి. అనుమానం రాకుండా ముందు తన పళ్ళే బలిచ్చాడు.”

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. వీణ్ణి ఎలా సాగనంపాలా అని చూస్తూ ఉండగానే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పళ్ళ డాక్టరుగారు. చెప్పినట్టే వచ్చారు.

“అయిందా నా ఫోటో?”

“అదీ... ఇదిగో... చూస్తున్నాను సార్. కూర్చోండి,” అన్నాను. ఆయన సోఫాకేసి చూసి, నిలబడే ఉంటానన్నారు. తెలివైనవారు.

“డాక్టరుగారూ,” అన్నాడు డేగకన్ను ఆయన చుట్టూ తిరుగుతూ, “పోయిన వారం మీరు ఎక్కడున్నారు?”

“వారమంతానా? ఆసుపత్రిలో. ఎవరయ్యా నువ్వు?”

“ప్రశ్నలు నేనడుగుతాను. నీలం రంగంటే మీకెందుకంత కోపం?”

“నా పళ్ళకి పూశారు కనక!”

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది,” అని వాడు నావైపు కన్ను గీటాడు.

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. ఈసారి ఆ రంగు స్క్రీన్ వల్ల వచ్చింది కాదు. “ఏమయ్యా, నీ దగ్గరికొస్తే ఇదా మర్యాద?” అని నామీద విరుచుకుపడ్డారు. “నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు. నేను ఎదురు స్టూడియోకి పోతున్నాను.”

“సార్, సార్, ఒక్క నిమిషం. వాడు కుట్టుమిషన్లు...” అని నేను కాళ్ళావేళ్ళా పడుతూ ఉంటే, డేగకన్ను సంచిలోంచి వెడల్పాటి టేపు చుట్ట తీశాడు. మిషన్లు అట్టపెట్టెల్లో పెట్టి అంటించే టేపు.

“ఎవరూ కదలొద్దు! స్క్రీన్ మీద నేరస్థుడి వేలిముద్రలుంటాయి. టేపు అంటించి లాగితే ముద్రలు టేపుకొస్తాయి. డాక్టరుగారి వేలితో పోల్చి చూస్తే మాట ఖతం!”

“ఒరేయ్, వద్దురా! కొత్త స్క్రీన్ రా! ముట్టుకోవద్దన్నార్రా!”

నేను అందుకునేలోపు ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టీ బిగించేశాడు. నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. వాడు టేపు వదలలేదు. ఇద్దరం కలిసి వెనక్కి తూలి సోఫా మీద పడ్డాం, పడి సర్రున జారాం. అదే క్షణాన కంప్యూటర్ దగ్గర పర్ర్ర్‌మని చప్పుడైంది.

అయిపోయింది, స్క్రీన్ చిరిగిపోయిందనుకున్నాను. స్క్రీన్ చిరుగుతుందా అని ఆలోచించే ఓపిక కూడా లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, స్టూడియో మూసేసి ఏం చేసుకు బతకాలా అని లెక్కలు వేస్తున్నాను.

“అరె,” అన్నారు డాక్టరుగారు.

కళ్ళు తెరిచాను. స్క్రీన్ ఉన్నచోటే ఉంది. పసుపు జీర లేదు. గులాబి మచ్చలు లేవు. డాక్టరుగారి పళ్ళు మాత్రం నేను కలిపినంత నీలంగా ధగధగలాడుతున్నాయి. నా పక్కన డేగకన్ను తలంతా టేపుతోపాటు ఊడొచ్చిన ఓ పల్చటి ప్లాస్టిక్ పొర కప్పుకుని ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. ఆ పొరకి ఒక అంచున ఎండిన బంక, ఇంకో అంచున గులాబిరంగు గోళ్ళరంగు.

చప్పుడు విని మా అత్తగారు పరిగెత్తుకొచ్చారు. వాడి మొహం మీద ఆ పొర చూసి గుండెలు బాదుకున్నారు.

“అయ్యో అయ్యో! ఎంత కష్టపడి అంటించానర్రా! ఎవరు పీకారు?”

నేను నేలమీంచి లేచి ఆ పొరకేసి చూశాను.

“మీరు అంటించారా అత్తయ్యా?” అన్నాను.

“మరి? ఆ షాపువాడు కొత్త వస్తువు మీది పొర కసిగా పీకి చెత్తబుట్టలో పారేసి పోయాడు. చూస్తూ ఊరుకుంటానా? కడిగి, ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఒక్క బుడగ లేకుండా అంటించాను. అటుపక్కకి బంక సరిపోయింది. ఇటుపక్కకి చాల్లేదు. అమ్మాయి గోళ్ళరంగు రాశాను, గట్టిగా పట్టింది.”

“అమ్మా! నా సీసా!” అంది అప్పుడే లోపల్నుంచి వచ్చిన మా ఆవిడ.

“ఇంత గొడవ జరుగుతుంటే చెప్పొచ్చు కదా అత్తయ్యా!”

“రంగు పాడయిందన్నారు గానీ పొర సంగతి నన్నెవరు అడిగారు? ఈ బాబు ఎవరైనా వచ్చారా అనడిగాడు. రాలేదన్నాను. నిజమే కదా.”

డేగకన్ను పొర వదిలించుకుని లేచి నిలబడ్డాడు. కనుబొమ్మ ఒకటి టేపుకి అంటుకుపోయింది. “మొదట్నుంచీ నా అనుమానం ఇదే,” అన్నాడు. “చెల్లెమ్మా, నీ సీసా కేసు కూడా తేల్చేశాను. ఒకే దెబ్బకి రెండు!”

వాణ్ణి తర్వాత తిట్టొచ్చని ముందు కుర్చీలో కూర్చున్నాను. నేను కలిపిన నీలమంతా తీసేశాను. అల్లుడుగారి మీద ఆకుపచ్చ తీసేశాను. కాగితం బయటికొచ్చేదాకా డాక్టరుగారు నా భుజం మీదుగా వంగి చూస్తూనే ఉన్నారు. కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో పట్టుకుని, పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నట్టు చూసుకున్నారు.

అప్పుడు నవ్వారు. ఫోటోలో నవ్వినట్టే, పళ్ళన్నీ కనపడేలా.

“గోడంత వెయ్యి,” అన్నారు. “కింద నీ పేరు కాస్త పెద్దగా వెయ్యి.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన వెళ్తూ వెళ్తూ డేగకన్ను దవడ పట్టుకుని పైకెత్తి, “నీకు ఎడమ పక్క ఒక పన్ను పుచ్చింది. ఎల్లుండి రా, ఊరికే చూస్తాను. ప్రశ్నలు మాత్రం అడక్కు,” అన్నారు.

అందరూ సర్దుకున్నాక మా అత్తగారు చిందరవందరగా పడిన వస్తువులు ఏరుతూ నేలమీద పడ్డ భూతద్దం తీశారు. పైట చెంగుతో తుడవబోయి ఆగారు. గోటితో అంచు తడిమి చూశారు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“చూడండర్రా, చూసి నేర్చుకోండి! ఈ బాబొక్కడికే వస్తువు విలువ తెలుసు. కొన్నప్పటి పొర ఇంకా తియ్యలేదు, రెండు వైపులా!”

డేగకన్ను వంగి ఆ భూతద్దం అంచుకేసి చూశాడు. పొగమంచు, నేరస్థలాలు, కత్తెర కేసు, అన్నీ వాడి కళ్ళముందు తిరిగి ఉంటాయి. నవ్వుదామనుకున్నాను గానీ వాడి మొహం చూస్తే జాలేసింది. అత్తగారు అరుస్తున్నా వినకుండా గోటితో ఆ పొరలు రెండూ మెల్లగా ఒలిచి, భూతద్దం వాడి చేతిలో పెట్టాను.

వాడు దాన్ని కంటికి పెట్టుకుని ముందు నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఒరేయ్,” అన్నాడు మెల్లగా, “నీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసిందిరా?”

“నువ్వా భూతద్దం కొన్నప్పటి నుంచీ,” అన్నాను.