గానుగ వీధికి సరిపడే లెన్సు

గానుగ వీధిలో ఐదేళ్ళకోసారి మునిసిపాలిటీవారు తీయించే వీధి ఫోటోలో పడనివాళ్ళు మర్నాడు పొద్దుటి నుంచి కనపడరు. చచ్చిపోరు, ఎక్కడికీ వెళ్ళిపోరు. మాట వినపడుతుంది, దగ్గు వినపడుతుంది, ఇంటి పన్ను నోటీసు వాళ్ళ పేరునే వస్తుంది. మనిషి మాత్రం కనపడడు. ఇందులో విడ్డూరపడాల్సిందేమీ లేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతి ఉంటుంది, ఈ ఊళ్ళో ఇదీ పద్ధతి. రెండోసారి కూడా పడకపోతే మాట కూడా పోతుంది. అది కూడా పద్ధతే.

ఫోటోలో పడ్డవాళ్ళు ఎలా పడితే అలాగే మళ్ళీ ఫోటో దాకా ఉండాలి. కిందటిసారి సరిగ్గా నొక్కే వేళకి పోస్టుమాన్ కన్నబాబు రెప్ప వేశాడు. పాపం, అప్పట్నుంచీ కళ్ళు మూసుకునే ఉత్తరాలు పంచుతున్నాడు. సైకిలు మాత్రం ఎక్కడం మానేసి నడిపించుకుంటున్నాడు. ఫోటో తర్వాత పుట్టిన పిల్లలకి పై ఫోటో దాకా మినహాయింపు ఉంది. ఇక ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండలేడు కాబట్టి, అతని పాస్‌పోర్టు సైజు బొమ్మ ఒకటి కింద మూల అతికిస్తారు. అందుకనే స్టూడియో తాతబ్బాయికి ఛాతీ కింద ఏమీ కనపడదు. వీధిలో అతను నడిచొస్తుంటే తల, భుజాలు, చొక్కా మొదటి రెండు బొత్తాలు వస్తాయి. టీ గ్లాసు దానంతటదే లేచి అతని నోటి దగ్గరకెళ్తుంది. కాళ్ళూ చేతులూ ఉన్నాయనే అందరి నమ్మకం.

తాతబ్బాయి అక్క నూకరత్నానికి ఆ పాటి కూడా లేదు. ఆవిడ బొత్తిగా కనపడదు.

అదెలా జరిగిందో వీధిలో అందరికీ తెలుసు, ఎవరి తప్పూ లేదని కూడా అందరికీ తెలుసు. కిందటి ఫోటో నాడు మధ్యలో కౌన్సిలర్ ముత్యాలరావుగారికీ, ఆయన వియ్యంకుడికీ పెళ్ళిపందిట్లో వేసే మహారాజా కుర్చీలు తెచ్చి వేశారు. ఒక్కో కుర్చీ ముగ్గురి చోటు తింటుంది. కుర్చీల పక్కనున్నాయన తన పక్కవాడితో "కొంచెం జరగండి" అన్నాడు. అతను తన పక్కావిడతో అన్నాడు. ఆ మాట అలా వరస పొడుగునా మర్యాదగా ప్రయాణం చేసి, చివరికి నూకరత్నం దగ్గరకొచ్చింది. ఆవిడ పక్కన జరగమని చెప్పడానికి ఎవరూ లేరు. అందుకని తనే జరిగింది.

నూకరత్నం తన ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. మొదట్లో గరిటె గాల్లో తిరుగుతుంటే జనం కాస్త బెదిరారు కానీ, చట్నీ బాగుండడంతో సర్దుకున్నారు. సర్దుకోనిదల్లా ఆవిడే. బస్సు ఆగేది కాదు. ఆస్పత్రిలో డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగి గాలిని నొక్కి చూసేవాడు. పెళ్ళికి వెళ్తే, ఆవిడ కూర్చున్న కుర్చీలోనే ఎవరో ఒకరు వచ్చి చతికిలబడేవారు. "అయ్యో, ఉన్నారా!" అనేవారు లేస్తూ. జనం తగలకుండా ఉంటారని చివరికి ఒక పసుపుపచ్చ గొడుగు కొనుక్కుంది. అప్పటి నుంచి ఆ గొడుగు కదిలితే నూకరత్నం వస్తోందని అర్థం.

ఆవిడ మనవరాలు మోక్షిత ఆ ఫోటో తర్వాత పుట్టింది. కూతురు బట్టల కొట్లో పనికి పోతే పాపని పెంచిందంతా అమ్మమ్మే. బళ్ళో టీచరు ఇంట్లోవాళ్ళ బొమ్మలు గీయమంటే, మోక్షిత అమ్మని గీసి, పక్కన ఒక పసుపుపచ్చ గొడుగు గీసింది.

"అమ్మమ్మా, నీకు ముక్కుందా?" అని అడిగింది ఇంటికొచ్చి.

"లేకేం తల్లీ! మీ అమ్మ ముక్కే నా ముక్కు."

"మరి అది అమ్మ దగ్గరుంది కదా, నీకేం మిగిలింది?"

నూకరత్నం ఆ సాయంత్రం గొడుగు పట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. "ఒరే తాతబ్బాయీ, ఈసారి నన్ను ఫోటోలో పడెయ్యరా. ఎలా పడెయ్యాలో నాకు తెలీదు. మాట కూడా పోతే ఆ పిల్లకి నేను ఏమవుతాను? గొడుగునవుతాను" అంది. ఏడుపు కనపడదు కానీ బల్ల మీద చుక్కలు పడ్డాయి. తాతబ్బాయి వాటిని తుడవలేదు.

ఫోటో ఇంక నెల్లాళ్ళుంది. వీధి చూస్తే మనుషులతో కిక్కిరిసింది, ఎదర చూస్తే రైసుమిల్లు గోడ. ఆ గోడకి వీపు ఆనించి నిలబడితే అంతకన్నా వెనక్కి పోవడానికి జానెడు చోటు లేదు. మేడెక్కి తీద్దామా అంటే, పక్క వార్డులో అలా తీస్తే ఐదేళ్ళపాటు అందరికీ నడినెత్తి ఒక్కటే మిగిలింది. రెండు ముక్కలుగా తీసి అతికిద్దామా అంటే, ఇంకో ఊళ్ళో అతుకు దగ్గర నిలబడ్డ లెక్కల మేస్టారు ఇద్దరయ్యారు. జీతం ఒకటే ఇస్తున్నారు. ఇక మిగిలింది లెన్సు మార్చడమే. వెనక్కి పోలేనివాడు వెడల్పుగా చూడాలి కదా. అల్ట్రా వైడ్ జూమ్ లెన్సు ఒకటి కొనుక్కోవడానికి మునిసిపాలిటీ గుమస్తా అవతారంగారు ఫైలు నడిపి అనుమతి తెప్పించారు.

అక్కా తమ్ముడూ కాకినాడ వెళ్ళారు. కెమెరాల కొట్టు జలీల్‌భాయ్ ఒక గుడ్డ పరిచి నాలుగు లెన్సులు వరసగా పెట్టాడు. నలభై ఏళ్ళుగా ఈ జిల్లా వీధులన్నిటికీ లెన్సులు అమ్ముతున్న మనిషి. సగం తాతబ్బాయినీ, ఒక గొడుగునీ చూసి రెండు టీలు చెప్పాడు.

"ఇది పదహారు - ముప్పై అయిదు అండి, అంకె ఎంత తగ్గితే అంత వెడల్పు. అందరూ కొనేది ఇదే. మధ్యలో అద్దంలా ఉంటుంది. కానీ మీ గోడ అంత దగ్గరంటున్నారు కదా, అటు పదిమంది ఇటు పదిమంది తెగిపోతారు."

"ఇది?"

"వెడల్పేనండి. చవక కూడా. మూలలు నల్లబడతాయంతే. అంచున నిలబడ్డవాళ్ళు ఐదేళ్ళు సందె చీకట్లో ఉన్నట్టు ఉంటారు. ఈ పక్కదైతే వెలుతురుంటుంది గానీ, అంచు మనుషుల చుట్టూ ఊదారంగు గీత వస్తుంది. పిఠాపురం వైపు ఒక కుటుంబం అలాగే ఉంది, అలవాటైపోయిందంటారు."

తాతబ్బాయి నాలుగోది తీశాడు. ముందు అద్దం ఉబ్బెత్తుగా, బరువుగా ఉంది. లెన్సు మీద పది నుంచి ఇరవై దాకా అంకెలున్నాయి.

"అది మంచి లెన్సండి. పది దగ్గర పెడితే మీ వీధి మొత్తం పడుతుంది, చీకటుండదు, రంగుండదు. ఒక్కటే, అంచున ఉన్నవాళ్ళు సాగుతారు. మొహం వెడల్పవుద్ది, బయటి వైపు చెయ్యి పొడుగవుద్ది. పధ్నాలుగు దగ్గర పెడితే అంత సాగరు, కాని అటో అయిదుగురు ఇటో అయిదుగురు పోతారు."

"ఏ లోపం లేనిది లేదా భాయ్?" అంది గొడుగు కింద నుంచి నూకరత్నం.

జలీల్‌భాయ్ గొడుగు వైపు తిరిగి, మొహం ఎక్కడుంటుందో అంచనా వేసి, సరిగ్గా అక్కడే చూస్తూ చెప్పాడు. "మధ్యలో అన్ని లెన్సులూ బావుంటాయమ్మా. చవకదీ బావుంటుంది, ఖరీదుదీ బావుంటుంది. తేడా అంతా అంచుల్లోనే. అంచుల్లో ఏం పోతే ఫరవాలేదో అదొక్కటే మనం ఎంచుకునేది."

నూకరత్నం కాసేపు మాట్లాడలేదు. ఆ కాసేపూ ఆవిడ ఉందో లేదో తెలీక తాతబ్బాయి గొడుగు కిందకి వంగి చూశాడు. తర్వాత "సాగితే సాగుతాన్లేరా. ముక్కు వెడల్పైనా ముక్కే కదా" అంది.

లెన్సు వచ్చాక వీధి కమిటీ సమావేశమైంది. తాతబ్బాయి నమూనాకి కొబ్బరికాయలు వరసగా పేర్చి, పది దగ్గర ఒకటి, పధ్నాలుగు దగ్గర ఒకటి తీసి చూపించాడు. పది దగ్గర కాయలన్నీ పడ్డాయి. చివరివి గుమ్మడికాయలంత అయ్యాయి, మధ్యవి నిమ్మకాయలంత అయ్యాయి. ముత్యాలరావుగారు మధ్య కాయని చాలాసేపు చూశారు.

"అంటే నేనింత పడతానా?"

"అందరూ పడతారండి" అన్నాడు తాతబ్బాయి.

"అందరి సంగతి కాదయ్యా, నా సంగతి అడుగుతున్నాను."

ఏ అంకె దగ్గర పెట్టాలో చేతులెత్తి తేల్చారు. పదికి లేచిన చేతులు కొన్ని కనపడ్డాయి. కనపడనివాళ్ళు కూడా ఎత్తారు, ఇస్త్రీ బండి గంగులు "ఎత్తానండోయ్" అని అరిచాడు కూడా. కానీ అవతారంగారు లెక్కపెట్టేది చేతుల్ని, అరుపుల్ని కాదు. పధ్నాలుగు గెలిచింది. జూమ్ పధ్నాలుగు దగ్గర పెట్టి తీయవలెనని తీర్మానం అయింది. కమిటీవారు అందరి క్షేమం దృష్ట్యా ఈ నిర్ణయం తీసుకున్నారని అవతారంగారు చదివి వినిపించారు.

ఫోటో రోజు మిల్లు గోడకి వీపు ఆనించి తాతబ్బాయి కెమెరా స్టాండు మీద పెట్టాడు. అవతారంగారు స్వయంగా వచ్చి, జూమ్ రింగు పధ్నాలుగు దగ్గరకి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూసి, ముత్యాలరావుగారి వెనకాల తన చోటికి వెళ్ళి నిలబడ్డారు. మహారాజా కుర్చీలు వచ్చాయి. ఈసారి మూడు. వియ్యపురాలు కూడా వచ్చింది. పిల్లల్ని ముందు వరసలో నేల మీద కూచోబెట్టారు, మోక్షిత అక్కడ కూచుంది. "కొంచెం జరగండి" అన్న మాట కుర్చీల దగ్గర పుట్టి, రెండు వైపులా బయల్దేరింది.

తాతబ్బాయి కెమెరాలోంచి చూశాడు. గొడుగు లేదు. కన్ను తీసి వీధి చూశాడు. చివర, మురికి కాలవ గట్టు మీద, పసుపుపచ్చ గొడుగు నిటారుగా ఉంది.

మాట చివరికంటా చేరింది. గొడుగుకి పక్కనున్నావిడ అటు తిరిగి, "రత్నమ్మగారూ, కొంచెం జరుగుతారా?" అంది. నిజంగా మర్యాదగానే అంది.

"జరగనమ్మా" అంది నూకరత్నం. వీధంతా వినపడింది. "ఇవతల కాలవుంది. ఐదేళ్ళ కిందటే జరగాల్సినంతా జరిగాను. ఇంక నాకు జరిగే చోటు లేదు. కావలిస్తే ఆ కుర్చీల్ని జరగమను."

ఆ జవాబు వెనక్కి పంపడం ఎవరికీ అలవాటు లేదు, అందుకని అది కుర్చీల దాకా చేరలేదు.

"ఆ గొడుగెందుకయ్యా?" అని మధ్యలోంచి అవతారంగారు కేకేశారు.

"ఎండగా ఉందండి" అన్నాడు తాతబ్బాయి.

అతని చేతులు ఐదేళ్ళుగా ఎవరికీ కనపడవని ముందే అనుకున్నాం. అవి ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో ఆ పూట కూడా ఎవరికీ కనపడలేదు. కనపడిందల్లా అతని మొహమే. రింగు పన్నెండు దాటింది, పదకొండు దాటింది, పది దగ్గర ఆగిపోయింది. గొడుగు చట్రంలోకి వచ్చి మూలన నిలబడింది.

"అందరూ కళ్ళు తెరవండి. కన్నబాబూ, నువ్వు మరీను" అన్నాడు. నొక్కాడు.

మర్నాడు పొద్దున నూకరత్నం అరుగు మీద పొయ్యి వెలిగిస్తుంటే మోక్షిత నిద్ర లేచి వచ్చింది. గుమ్మంలో ఆగిపోయి చూసింది. అమ్మమ్మ మొహం విశాలంగా, చాటంత ఉంది. ఎడమ చెయ్యి నేలకి ఆనుతోంది. ముక్కు ఒక వైపుకి పరుచుకుని ఉంది. పాప దగ్గరకొచ్చి ఆ ముక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మ ముక్కు కంటే ఇదే పెద్దది" అంది గొప్పగా. నూకరత్నం పొయ్యి సంగతి మర్చిపోయి బావురుమంది. ఈసారి ఏడుపు కూడా కనపడింది.

గంగులు చెయ్యి ఎంత సాగిందంటే, బండి దగ్గర నిలబడే ఎదురింటి వరండాలో బట్టలు అందించేస్తున్నాడు. మధ్యలోవాళ్ళు కాస్త చిన్నగా ఉన్నారు. ముత్యాలరావుగారు కుర్చీలో కూచుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. కాళ్ళ కింద పీట వేశారు. రెండు రోజులు పీట మీద కాళ్ళు పెట్టుకుని ఆలోచించి, ఆయన మునిసిపాలిటీకి ఫిర్యాదు రాశారు.

జవాబు త్వరగానే వచ్చింది. నోటీసు తెచ్చిన కన్నబాబు సైకిలెక్కి వచ్చాడు. అరుగు మీద మనిషిని చూసి, "అక్కా, నువ్వేనా? ఎన్నాళ్ళకి!" అని ఆనందపడి, కాగితం చేతిలో పెట్టాడు. తాతబ్బాయి అదే వేళకి ఇడ్లీ తినడానికి వచ్చాడు. మళ్ళీ అదే పాస్‌పోర్టు బొమ్మ అతికించారు కనక ఛాతీ దాకానే వచ్చాడు. అతనే చదివాడు.

వీధి చివర నివసించు కొందరు తమకు రావలసిన దాని కంటే ఎక్కువ చోటు ఆక్రమించుకున్నారనీ, అందువల్ల మధ్యనున్న వారికి ఇరుకు కలిగినదనీ విచారణలో తేలినది. కావున సదరు వ్యక్తులు వీధి మధ్యకు వచ్చినప్పుడు శరీరము ఒదిగించుకుని నడువవలెను.

తాతబ్బాయికి కోపంతో మొహం ఎర్రబడింది. "ఏం న్యాయమక్కా ఇది! సాగింది మీరు, ఇరుకు వాళ్ళకా? నేనెళ్ళి అడుగుతాను."

"కూచోరా. ఇడ్లీ చల్లారిపోద్ది" అంది నూకరత్నం. కాగితం అతని చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఐదేళ్ళు నా గురించి ఎవరైనా ఒక్క ఫిర్యాదు రాశారా? ఇప్పుడు అడ్డంగా ఉన్నానన్నారంటే, ఉన్నట్టే కదా."

కాగితం మడిచి దేవుడి పటం వెనకాల పెట్టింది. తర్వాత మోక్షితకి జడ వేసి, సంచీ తగిలించి, బడికి బయల్దేరదీసింది. గొడుగు తీసుకోలేదు. మిల్లు గోడ దాటి వీధి మధ్యకి రాగానే నూకరత్నం పొడుగు చెయ్యి పొట్ట దగ్గర చుట్టుకుని, తల వంచి, భుజాలు ముడుచుకుని నడిచింది.

మోక్షిత ఫోటోలో ముందు వరసలో పడింది. ఎక్కడా సాగలేదు. ఎంతుండాలో అంతే ఉంది. అయినా అమ్మమ్మని ఒకసారి ఎగాదిగా చూసి, తను కూడా చేతులు పొట్ట దగ్గర చుట్టుకుని, తల వంచి, ఒదిగి నడవడం మొదలుపెట్టింది.