పంపుషెడ్డు గుమ్మానికి వేపమండలు

ఆ ఉదయం సంజీవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. గవర్నర్‌పేటలోని తన పంపుల కొట్టుకి తాళం వేసి, మొదటి బస్సులో ఉయ్యూరు వెళ్ళి, వెంకటప్పయ్య పంపులో లోపమేమిటో కనిపెట్టి, భోజనాల వేళకి ఇంటికొచ్చెయ్యాలి. అంతే.

వెంకటప్పయ్య పంపిన కబురు మాత్రం చిన్నది కాదు. "మీరమ్మిన పంపు చక్రం ఏడాది తిరక్కుండా గుంటలు పడిందండీ. అది ఉక్కు కాదు, రేకు. మధ్యాహ్నం దాన్ని బండి మీద తెచ్చి మీ కొట్టు గుమ్మానికి వేలాడదీస్తాను. బెజవాడంతా చూస్తుంది." పంపులమ్మేవాడికి పేరు పోయాక ఇక మిగిలేవి నట్లూ బోల్టులే కదా!

ఉయ్యూరులో వెంకటప్పయ్య ఇంటికి చేరేసరికి ఆయన భార్య మాణిక్యం ఎదురొచ్చింది. "రండన్నయ్యగారూ! ఆయన ఫ్యాక్టరీకి చెరుకు తోలుకెళ్ళారు. ముందు చద్దన్నం తినండి, చేపల పులుసుంది. ఈ ఏడాది మాకు చేపలకి లోటే లేదు."

సంజీవరావు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆ చేపలు ఎక్కడివని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. పులుసు అంత బాగుంది మరి.

పంపుషెడ్డులో చక్రం విప్పి పెట్టి ఉంది. దాని రెక్కల మీద నిండా గుంటలు, గుంటల్లో తుప్పు. పంపు ఊడదీశారని తెలిసి ఊళ్ళో సగం మంది అప్పటికే గుమ్మం దగ్గర చేరి తొంగిచూస్తున్నారు.

"చెదలు తిన్నట్టుందే!"

"ఉక్కుకి చెదలేమిట్రా? సరుకే నాసిరకం."

వీళ్ళు ఈ మాట సంతదాకా మోసేలోపే ఇక్కణ్ణించి తరిమెయ్యాలనుకున్నాడు సంజీవరావు. గబగబా రెండు వేపమండలు విరిచి షెడ్డు గుమ్మానికి కట్టేశాడు. వేపమండలు కట్టారంటే లోపల మశూచి ఉన్నట్టే; అమ్మవారు పోసిన ఇంటి గుమ్మాన్ని ఎవరు తొక్కుతారు? లోపల మనిషున్నాడో లేడో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. క్షణంలో ఒక్కడు మిగిలితే ఒట్టు! తన తెలివికి తానే మురిసిపోయి, సంజీవరావు పనిలో పడ్డాడు.

కానీ మశూచి కేసు చూపించినవాళ్ళకి సర్కారు బహుమతి ఇస్తున్న రోజులవి. ఆ సంగతి సంజీవరావు మర్చిపోయాడు, ఊరు మర్చిపోలేదు. అరడజను సైకిళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తాయి.

అతను ఇంజను చూశాడు, పంపు చూశాడు, లోపం దొరకలేదు. ఇక మిగిలింది నీళ్ళు లాగే గొట్టం. అది దిగిన వాగునీటి గోతిలో నీటిపాముందని మాణిక్యం చెప్పడంతో ఆ పని చివరికి పెట్టుకున్నాడు. ఇంతలో బయట బండి చప్పుడైంది. వెంకటప్పయ్యే వచ్చాడనుకుని, చక్రాన్ని బెజవాడ మోసుకుపోకుండా షెడ్డు మూలనున్న మంచం మీద పెట్టి దుప్పటి కప్పేశాడు.

వచ్చింది జీపు. డాక్టరు ఎలిజబెత్, వెనక టీకాలవాళ్ళు, వాళ్ళ వెనక బహుమతి కోసం ఊరు.

"పేషెంటు ఎవరు?"

"ఎవరూ లేరండీ."

ఆవిడ దుప్పటి లాగింది. చక్రాన్ని ఎగాదిగా చూసింది. "మచ్చలైతే ఉన్నాయి. నాతోనే వేళాకోళమా? అసలు మనిషిని ఎక్కడ దాచావు? వెతకండయ్యా!"

ఓ టీకాలాయన గోతిలోకి దిగాడు. పాము లేదు గీము లేదు. "మేడమ్, గొట్టం చివర ఏదో కట్టి దాచారు!" అంటూ తాడు పట్టి లాగాడు. పెద్ద వెదురుబుట్ట పైకొచ్చింది. దాని చుట్టూ దట్టంగా నాచు, లోపల టపటపలాడుతూ చేపలు.

షెడ్డులో మశూచి అని విని బండి వదిలేసి పరుగెత్తుకొచ్చిన వెంకటప్పయ్య సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. "అయ్యో! నా బుట్ట!" అని ఊరందరి ముందూ అరిచాడు.

సంజీవరావుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది, ప్రాణం లేచొచ్చింది. "వెంకటప్పయ్యగారూ! పంపు నడిచేటప్పుడు లోపల గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడొచ్చేదా?"

"వచ్చేది."

"వస్తుందండీ, ఎందుకు రాదు! గొట్టం మూతికి బుట్ట బిగించి చేపలు పట్టారు. నాచు అడ్డుపడి నీళ్ళందలేదు. అందక పంపు గట్టిగా పీలిస్తే నీళ్ళల్లోనే బుడగలు పుడతాయి. అవి చక్రం మీద పేలిన చోటల్లా ఉక్కుని గిల్లేస్తాయి. గిల్లిన చోట తుప్పు కూర్చుంటుంది."

"బుడగలు ఉక్కుని తింటాయా? చెవిలో పువ్వులు పెడుతున్నారా?"

సంజీవరావు ఆ గుంటల చక్రాన్నే మళ్ళీ బిగించి ఇంజను తిప్పాడు. చప్పుడు లేదు! నీళ్ళు గొట్టం నిండా ఉరికి కాలవలో పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు కూడా నవ్వింది.

"మరి పామో?" అంది మాణిక్యం.

"చేపలు ఎవడూ ఎత్తుకుపోకుండా నేనే పుట్టించానే," అని వెంకటప్పయ్య తల గోక్కున్నాడు. వచ్చిన జీపు ఊరికే పోదు కదా, డాక్టరుగారు టీకా ముందు ఆయనకే వేయించింది.

వారం తిరిగాక వెంకటప్పయ్య అన్నంత పనీ చేశాడు. కొత్త చక్రం కొనుక్కుని, పాతదాన్ని గవర్నర్‌పేట కొట్టు గుమ్మానికి తన చేతులతో వేలాడదీశాడు. "పంపు బంగారమండీ, తప్పంతా నాది!" అని దారినపోయేవాళ్ళందరినీ ఆపి మరీ చెప్పాడు. బేరాలు ఊపందుకున్నాయి.

అప్పటినుంచి పంపు కొనడానికి ఎవరొచ్చినా సంజీవరావు ధర చెప్పేముందు ఒక్కటే అడుగుతాడు. "మీరు చేపలు తింటారాండీ?"