చంద్రమౌళి గారు మెగ్నీషియం ఎంచిన విధం

ఈ దీపావళికి మన నరసరావుపేటలో శ్వేతలక్ష్మీ పత్తి వర్తకుల మిత్రమండలి అధ్యక్ష ఎన్నిక సక్రమంగా, ప్రశాంతంగా జరిగింది. ఒక డబ్బా మూత ఎగిరి పులిహోర గంగాళంలో పడటం మినహా అవాంఛనీయ సంఘటనలేవీ లేవు.

పోటీ ఇద్దరి మధ్య. ధనుంజయరావు గారు ఏటా మండలి విందుకు లారీడు బాణసంచా తెప్పించే దాత. చంద్రమౌళి గారు ఏటా దాన్ని ముందు వరుసలో కూర్చుని చూసిపెట్టే దాత. ఈసారి ఈయనకు పౌరుషం పుట్టింది. పల్నాడులో పుట్టాక అది పుట్టకుండా ఎలా ఉంటుంది? సర్వసభ్య సమావేశంలో లేచి ఇలా సెలవిచ్చారు:

"కొన్న మతాబు ఎవడైనా కాలుస్తాడు. నా చేతులతో చేసిన తెల్లటి వెలుగుతో దీపావళి సాయంత్రం ఈ పేటను పట్టపగలు చేస్తాను. చెయ్యలేకపోతే పోటీ నుంచి తప్పుకొని, ధనుంజయరావుకి నేనే శాలువా కప్పుతాను."

అధ్యక్ష పీఠం కోసం ఆయన ఎన్నేళ్లుగా తపిస్తున్నారో అందరికీ తెలుసు.

తెల్లటి వెలుగుకు మెగ్నీషియం కావాలని ఆయన ఫోన్‌లో చూసి తెలుసుకున్నారు. మిగతాది చూసేలోపు చార్జింగ్ అయిపోయింది. ఎదురింట్లో ఉండే కెమిస్ట్రీ లెక్చరర్ అబిదా, బాణసంచా తయారీకి లైసెన్సు కావాలనీ, అది సరదాకి చేసే పని కాదనీ చెప్పి చూసింది.

"లైసెన్సు అమ్ముకునేవాళ్లకమ్మా. నాది హాబీ గందా" అన్నారు చంద్రమౌళి గారు. చట్టాన్ని ఇంత సూక్ష్మంగా చదివినవారు మన కోర్టు ఆవరణలో కూడా తక్కువ.

"అన్నయ్యా, కొన్నా డబ్బాలోనే ఉంచండి, వెలిగించమాకండి. తడి మాత్రం దాని దరిదాపులకి రానీమాకండి" అని ఆమె దండం పెట్టింది.

ఇక ఎంపిక. రసాయనాల దుకాణదారు ముందు మెగ్నీషియం తీగ చూపించాడు. చంద్రమౌళి గారు దాన్ని పత్తి పోగు లాగినట్టు రెండు చేతులా లాగి, "పోగు పొడుగే గానీ మెత్తన లేదు" అని తోసేశారు. ముక్కలు చూపిస్తే, గింజ తియ్యని సరుకు తనకు వద్దన్నారు. చివరికి పొడి వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఊది, వాసన చూసి, కళ్లు మూసుకున్నారు.

"అన్నిట్లో ప్రమాదం ఇదేనండీ, కొత్తవాళ్లు పొడి జోలికి పోకూడదు" అన్నాడు దుకాణదారు.

"మెత్తటి సరుకు విషయంలో నన్ను కొత్తవాణ్ణంటావేంది?" అని ఆయన పత్తికి కట్టించుకున్నట్టే నీలం కాగితంలో నమూనా కట్టించుకుని మరీ కొన్నారు. ఇంట్లో ఆయన భార్య హైమావతి గారు చూసి, "ఏందండీ, బూడిద కొనుక్కొచ్చారు?" అన్నారు. ఇంటివాళ్లకు నాణ్యత తెలియదని ఆయన సరిపెట్టుకున్నారు.

దీపావళి సాయంత్రం మండలి పెరట్లో బల్ల మీద డబ్బా వెలిసింది. చంద్రమౌళి గారు కాంతి గురించి, జాతి గురించి ఉపన్యసిస్తుండగా డబ్బా వేడెక్కింది, బుసబుసమంది. ఆ పైన ఠప్పుమని మూత లేచి పులిహోరలో దిగింది. ఇదే కార్యక్రమమనుకుని సభ్యులు చప్పట్లు కొట్టారు.

అబిదా పరుగున వచ్చి చంద్రమౌళి గారి చేతిలో అగ్గిపెట్టె లాక్కుని, అందరినీ దూరం జరిపింది. డబ్బాలో పొడి లేదు, బూడిదరంగు ముద్ద పొంగుతోంది.

"తడి తగలనీయొద్దన్నాను గందా అన్నయ్యా."

"తడి కాదమ్మా, ఏదో కాసిని చిలకరింపులు" అన్నారు ఆయన తల వంచుకుని. "మూత పెట్టబోతే చెయ్యి ఊరుకోలా. మిల్లుకి పోయే పత్తికి తూకం కోసం నీళ్లు చల్లే చెయ్యి."

గమనించాలి, ఇది అమ్మే సరుకు కాదు. తూకం వేసేవాడు లేడు, కొనేవాడు లేడు. తన సరుకు, తన డబ్బా, తన పండగ. అయినా తనను తాను మోసం చేసుకోవడంలో కూడా ఆయన మొహమాటపడలేదు. వృత్తి ధర్మం అంటే అదీ.

చంద్రమౌళి గారు శాలువా తీసుకుని ప్రత్యర్థి వైపు నడిచారు. ధనుంజయరావు గారు ఆయన చెయ్యి పట్టుకుని, తగ్గు గొంతుతో అడిగారు.

"ఎంత చల్లావు?"

"చెంబెడు."

"తక్కువే" అన్నారు ధనుంజయరావు గారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ కూడా వృథా పోకుండా తుడుచుకుని, శాలువాను చంద్రమౌళి గారికే కప్పి, తాను పోటీ నుంచి తప్పుకున్నారు. అలవాటులో కూడా ఇంత నిజాయితీ ఉన్న మనిషి తనకంటే అర్హుడన్నారు. సభ్యులందరూ లేచి నిలబడ్డారు.

నీళ్లకు తట్టుకోలేని సరుకుతో మండలి సభ్యులెవరూ లావాదేవీ పెట్టుకోరాదని అక్కడికక్కడే తీర్మానం ఆమోదించారు. మెగ్నీషియం ప్రవర్తనను తీవ్రంగా ఖండించారు. నీళ్లు చల్లిన పత్తిని ఇన్నేళ్లుగా మిల్లు కాదనలేదు, కాటా కాదనలేదు, నూలు కాదనలేదు. పరుపు కుట్టించుకుని, బరువుగా ఉంది కాబట్టి మంచి దూదే అని మురిసిపోయిన మీరూ కాదనలేదు.